వీయూ పంపితే వీయూనే వినిపించాలి: తొలి మోర్స్ కీ ఎంపికలో తిరకాసు

మన దేశంలో హామ్ రేడియో, అంటే సరదా కోసం సొంతంగా నడుపుకునే రేడియో, లైసెన్సు తెచ్చుకున్నవారి కాల్‌సైన్ (గాలిలో వారి గుర్తింపు పేరు) మామూలుగా వీ, యూ అనే అక్షరాలతో మొదలవుతుంది. జనరల్ గ్రేడు వారికి వీయూ2, రిస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి వీయూ3. పొట్టి, పొడుగు మోతలతో అక్షరాలు పంపే పద్ధతి మోర్స్. అందులో పొట్టి మోత డిట్, పొడుగు మోత డా. వీ అంటే డిట్ డిట్ డిట్ డా. యూ అంటే డిట్ డిట్ డా. కొత్త చేయి తొందరపడి ఒక్కో అక్షరంలో ఒక్కో డిట్ మింగేస్తే వీ కాస్తా యూ అవుతుంది, యూ కాస్తా ఏ అవుతుంది. వీయూ2 పోయి యూఏ2 వస్తుంది. అది రష్యాలోని కాలినిన్‌గ్రాడ్ ప్రాంతానిది. వేలు ఆగక ఒక్కో డిట్ ఎక్కువ పడిందనుకుందాం. అప్పుడు వీ నాలుగు అంకెగా, యూ వీగా మారిపోతాయి. నాలుగు, వీ కలిస్తే హైతీ దేశం. విశాఖలో మర్రిపాలెంలోనో మధురవాడలోనో కూర్చుని పంపిన మనిషి, రెండు చిటికెల తేడాతో బాల్టిక్ ఒడ్డున తేలతాడు, లేదంటే కరీబియన్‌లో.

మోర్స్ పంపడానికి నొక్కే మీటను కీ అంటారు. మొదటి రకం పొరపాటు, అంటే డిట్ పోవడం, ఎక్కువగా కిందికి నొక్కే స్ట్రెయిట్ కీ మీద జరుగుతుంది. రెండోది, అంటే డిట్ ఎక్కువ పడడం, పక్కకు నొక్కే పాడిల్ మీద. తొలి కీ ఏది కొనాలనే ప్రశ్నకు జవాబు వెతికేవారు ధర చూస్తారు, ఇత్తడి మెరుపు చూస్తారు, ఎవరి దగ్గర ఏది ఉందో చూస్తారు. చూడాల్సింది ఇంకొకటి ఉంది. ప్రతి కీకీ దాని తప్పు దానికి ఉంటుంది. ఆ తప్పు చేసినవాడికే వినపడుతుందా, పక్కవాడికి మాత్రమే వినపడుతుందా అన్నదే అసలు సంగతి.

స్ట్రెయిట్ కీ అంటే పాత తంతి ఆఫీసు బల్ల మీద ఉండే కీయే. ఒక ఇత్తడి మీట, దాని చివర గుబ్బ, కింద స్ప్రింగు, రెండు కాంటాక్టులు. నొక్కితే సర్క్యూట్ కలుస్తుంది, వదిలితే తెగుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. డిట్ ఎంతసేపు ఉండాలి, డా ఎంతసేపు ఉండాలి, మధ్యలో ఖాళీ ఎంత అన్న లెక్కంతా మణికట్టుదే. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో మూతపడింది. తంతి వచ్చిందనగానే ముందు ఏడుపు లంకించుకుని, తర్వాత కాగితం విప్పి చదివించుకున్న ఇళ్లు ఒకప్పుడు చాలానే ఉండేవి. అయితే ఆ ఆఫీసుల్లో వినిపించిన టకటకలు సౌండర్ అనే పరికరానివి. హామ్ రేడియోలో వినపడేది టకటక కాదు, 600 నుంచి 700 హెర్ట్జ్ దగ్గర సన్నటి ఈల. నేర్చుకునేవారి చెవికి అలవాటు కావాల్సింది ఈ ఈలే.

తెలుగులో ఛందస్సు చదువుకున్నవారికి మోర్స్ లెక్క అంత కొత్తగా ఉండదు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మోర్స్‌లో డిట్‌కు ఒక మాత్ర అనుకుంటే డాకు మూడు. అక్షరం లోపల డిట్, డాల మధ్య ఖాళీ ఒక మాత్ర, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు, మాటకూ మాటకూ మధ్య ఏడు. ఇంకో తమాషా కూడా ఉంది. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. మోర్స్‌లో మూడేసి సంకేతాలున్న ఇంగ్లీషు అక్షరాలూ సరిగ్గా ఎనిమిదే. యగణం డబ్ల్యూ, మగణం ఓ, తగణం జీ, రగణం కే, జగణం ఆర్, భగణం డీ, నగణం ఎస్, సగణం యూ. అంటే మన కాల్‌సైన్‌లో రెండో అక్షరం సగణమన్నమాట. యమాతారాజభానసలగం అని బడిలో వల్లించినవారికి ఈ పోలిక ముచ్చటగానే ఉంటుంది కానీ, దీన్ని పట్టుకుని మోర్స్ బట్టీపట్టకూడదు. కాగితం మీద చుక్కలు, గీతలు చూసి నేర్చుకున్నవాడు అక్షరం వినగానే ముందు చుక్కలు లెక్కపెడతాడు. లెక్క తేలేలోగా తర్వాతి రెండు అక్షరాలు దాటిపోతాయి.

వేగం కొలవడానికి ప్యారిస్ అనే మాటను కొలబద్దగా పెట్టుకున్నారు. చివరి ఖాళీతో కలిపి అది సరిగ్గా 50 మాత్రలు. నిమిషానికి 8 మాటల వేగంలో డిట్ 150 మిల్లీసెకన్లు, డా 450. నిమిషానికి 20 మాటలకు వెళ్లేసరికి డిట్ 60 మిల్లీసెకన్లే. ఆ వేగంలో వీ అక్షరంలోని మూడు డిట్లు, వాటి మధ్య ఖాళీలు కలిపి సెకనులో మూడో వంతు కూడా ఉండవు. అంతలో స్ట్రెయిట్ కీని మూడుసార్లు నొక్కి మూడుసార్లు వదలాలి. కాంటాక్టుల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే తేలికపాటి నొక్కు కిందిదాకా చేరదు, డిట్ గాలిలో కలిసిపోతుంది. ఎడం మరీ తక్కువై స్ప్రింగు వదులుగా ఉంటే రెండు డిట్లు అతుక్కుని ఒకటవుతాయి. ఎలా చూసినా వీయూ కాస్తా యూఏ అయ్యే దారి ఇదే.

పాడిల్ పైకీ కిందికీ కాకుండా పక్కలకు కదులుతుంది. కుడిచేతివాటం వారు బొటనవేలితో నొక్కితే డిట్లు, చూపుడువేలితో నొక్కితే డాలు. నిజానికి పాడిల్ సొంతంగా ఏదీ పంపదు. అది రెండు స్విచ్చుల జత. కొలిచి పంపేది కీయర్ అనే చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్. ఇప్పుడు వచ్చే హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) రేడియో సెట్లలో చాలావాటికి కీయర్ లోపలే ఉంటుంది. హైదరాబాద్‌లో అష్‌హర్ ఫర్హాన్ రూపొందించిన మైక్రోబిటెక్స్ సెట్‌లోనూ ఉంది. పాడిల్ నొక్కి పట్టుకుంటే కీయర్ వరసగా డిట్లు వేస్తూ పోతుంది, వదిలితే ఆగుతుంది. డా ఎప్పుడూ డిట్‌కు మూడు రెట్లే, మధ్య ఖాళీ ఎప్పుడూ ఒక మాత్రే. మనిషికి మిగిలేవి రెండే పనులు: ఎన్ని పడ్డాక వేలు తీయాలి, అక్షరం తర్వాత ఎంత ఆగాలి. మొదటిది తప్పితే హైతీ.

"ముందు స్ట్రెయిట్ కీ పట్టాలి, లేకపోతే చేయి కుదరదు" అన్న మాట హామ్‌లలో చాలాకాలంగా ఉంది. సెట్లలో కీయర్ లేని రోజుల్లో అది నిజంగా అవసరమైన సలహానే. ఇప్పుడు అది సగం నిజం, సగం అలవాటు. స్ట్రెయిట్ కీ మీద డా రెండుంపావు మాత్రలకే ఆగిపోయినా పంపినవాడికి తప్పు తెలియదు. తాను ఏ అక్షరం పంపాలనుకున్నాడో అతనికి ముందే తెలుసు కాబట్టి చెవి ఆ అక్షరాన్నే వినేస్తుంది. తప్పు తెలిసేది అవతలివాడికి. పాడిల్ మీద అలా కాదు. వేలు ఆలస్యంగా తీస్తే వీకి బదులు నాలుగు పడుతుంది. అది మసకబారిన వీ కాదు, శుభ్రమైన నాలుగు. పంపినవాడి చెవికే ఠక్కున తగులుతుంది, అక్కడికక్కడ దిద్దుకోవచ్చు. అందుకే ఒంటరిగా నేర్చుకునేవాడికి పాడిల్ మేలు. స్ట్రెయిట్ కీ నేర్చుకోవాలంటే పక్కన ఇంకొక చెవి కావాలి.

ఈ విషయంలో విశాఖ అదృష్టమైన ఊరు. తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడే ఉంది, ఓడరేవు 1933 నుంచి నడుస్తోంది. ఓడలు మోర్స్‌ను వదిలేసి జీఎండీఎస్ఎస్ అనే ఉపగ్రహ, డిజిటల్ పద్ధతికి పూర్తిగా మారింది 1999 ఫిబ్రవరి 1న. ఆ తేదీకి ముందు ఓడల్లో, నేవీలో, రైల్వేలో కీ పట్టి పనిచేసి, రిటైరై ఇక్కడే స్థిరపడిన పెద్దలు ఇప్పటికీ కాలనీల్లో కనిపిస్తారు. అలాంటి పెద్దాయన వీధి చివర ఉండి, వారానికి రెండు సాయంత్రాలు కూర్చుని "నీ డా పొట్టిగా ఉంది బాబూ, ఇంకాస్త సాగదియ్యి" అని చెప్పగలిగితే, ఏ ఆలోచనా లేకుండా స్ట్రెయిట్ కీ కొనొచ్చు. ఆ అవకాశం ఏ ఖరీదైన పాడిల్‌తోనూ రాదు. అలాంటివారు ఎవరూ లేకపోతే పాడిల్.

లైసెన్సు పరీక్ష సంగతి వేరే చూసుకోవాలి. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ పరీక్ష లేదు. జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో వినడం, పంపడం పెట్టారు. ఈ వేగం స్ట్రెయిట్ కీకి హాయిగా సరిపోతుంది. 15 దాటి 20 దగ్గరపడే కొద్దీ మణికట్టు మొరాయిస్తుంది. పరీక్ష గదిలో ఏ కీ పెడతారో, సొంతది తెచ్చుకోనిస్తారో దరఖాస్తు చేసేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో ఆరు నెలలు పాడిల్ మీద సాధన చేసి, ఆ రోజు జీవితంలో మొదటిసారి స్ట్రెయిట్ కీ ముట్టుకుంటే టెన్షన్‌కి టెన్షన్, తప్పులకు తప్పులు.

పాడిల్ కొనాలని తేల్చుకున్నాక ఒంటి మీటదా, జంట మీటలదా అనే చర్చ వస్తుంది. జంట మీటల పాడిల్‌ను రెండు వైపులా ఒకేసారి పిండితే కీయర్ డిట్, డా, డిట్, డా అని మార్చి మార్చి వేస్తుంది. దీన్ని అయాంబిక్ అంటారు. సీ అక్షరం డా డిట్ డా డిట్ కాబట్టి ఒక్క పిండుడుతో వచ్చేస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఇందులో ఏ, బీ అని రెండు పద్ధతులున్నాయి. బీ పద్ధతిలో రెండు వేళ్లూ తీసేశాక కూడా కీయర్ ఎదురు సంకేతం ఇంకొకటి వేస్తుంది. ఈ సంగతి తెలియనివారు "నేను నొక్కకుండానే డిట్ పడుతోంది, సెట్ పాడైంది" అనుకుంటారు. సెట్ మెనూలో చూసి పద్ధతి మార్చుకుంటే సరి. పిండకుండా, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుతూ జంట మీటల పాడిల్‌ను ఒంటి మీటలా వాడుకోవచ్చు, మొదటి ఏడాది అదే మంచిది. పిండడం వల్ల మిగిలే వేళ్ల కదలికలు కొత్తవారి వేగంలో లెక్కలోకి రానంత తక్కువ.

ఇక బగ్ అనే మూడో రకం కీ సంగతి. 1904లో హొరేస్ మార్టిన్ పేటెంట్ తీసుకున్న వైబ్రోప్లెక్స్ దీనికి ఆద్యం. ఊగే లోలకం డిట్లు వరసగా వేస్తుంది, డాలు చేత్తో వేసుకోవాలి. రోజంతా కీ కొట్టి చేతులు పట్టేసిన తంతి ఉద్యోగుల కోసం పుట్టిన యంత్రమది. అందమైనదే, కానీ స్ట్రెయిట్ కీ తప్పులూ పాడిల్ తప్పులూ రెండూ దీని మీద చేయొచ్చు. తొలి కీగా వద్దు.

కొనేటప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోనిది బరువు. పాడిల్‌ను పక్కకు నొక్కుతాం, కాబట్టి పీఠం తేలికైతే అది బల్ల మీద జారుతుంది. జారేదాన్ని రెండో చేత్తో పట్టుకోవాలి, అప్పుడు వేళ్ల పట్టు మారుతుంది, డిట్లు చెదురుతాయి. కిలో దగ్గర బరువుంటే నిలుస్తుంది. అమెరికాలో వైబ్రోప్లెక్స్, ఇటలీలో బెగాలి లాంటివారు చేసే బరువైన పాడిల్స్ గొప్పవే. కానీ బరువైన వస్తువుకు పోస్టు ఖర్చూ బరువే, దాని మీద కస్టమ్స్. ఉక్కు ఊళ్లో ఉంటూ ఉక్కు ముక్కను సముద్రాలు దాటించి తెప్పించుకోవడం ఎందుకు? తేలికైన చిన్న పాడిల్ కొని, గాజువాక ఆటోనగర్‌లో ఏ ఫ్యాబ్రికేషన్ షెడ్డులోనైనా 12 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, ఒక సెంటీమీటర్ మందం ఉన్న ప్లేటు ముక్క కోయించుకుంటే అది కిలోకు కాస్త తక్కువ తూగుతుంది. అంచులు రుద్దించి, రంగు వేసి, అడుగున నాలుగు రబ్బరు బిళ్లలు అంటిస్తే చాలు. అడుగున అయస్కాంతమున్న పాడిల్ అయితే దానంతటదే పట్టుకుంటుంది, లేకపోతే రెండు మరలు. గ్రానైట్ దుకాణంలో పారేసే ముక్కా పనికొస్తుంది. 15, 10, 2 సెంటీమీటర్ల ముక్క 800 గ్రాముల పైమాటే, పైగా తుప్పు బాధ లేదు. స్ట్రెయిట్ కీకి ఇంత శ్రమ అక్కర్లేదు. నొక్కు కిందికే కాబట్టి ఒక చెక్క పలక మీద బిగించి, పలక చివర మోచేతి కిందికి వచ్చేలా పెట్టుకుంటే ఒంటి బరువే దాన్ని పట్టి ఉంచుతుంది.

విశాఖలో కొన్నవారికి మిగతా ఊళ్లవారికి లేని తలనొప్పి ఇంకొకటి ఉంది, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో కిటికీ ఊచలు ఎలా తినేస్తుందో అందరికీ తెలిసిందే. ఇత్తడి కీకి కొన్ని నెలల్లోనే చిలుం పడుతుంది. మీట మీద చిలుం పడితే చూడ్డానికి బాగోదు, అంతే. కాంటాక్టుల మీద పొర పడితేనే ఇబ్బంది. నొక్కినప్పుడు సర్క్యూట్ కలిసీ కలవనట్టు ఉంటుంది, ఈలలో గరగర వస్తుంది, ఒక డిట్ రెండుగా చీలుతుంది. వెండి పూత ఉన్న కాంటాక్టులైతే నల్లబడినా పనిచేస్తాయి. ఏ పూతా లేని ఇత్తడివి ఈ ఊరికి పనికిరావు. శుభ్రం చేయడానికి గరుకు కాగితం వాడితే పూత పోతుంది. మామూలు తెల్లకాగితం సన్నగా చింపి, కాంటాక్టుల మధ్య పెట్టి, మెల్లగా నొక్కి లాగితే మురికి కాగితానికి అంటుకుంటుంది. ఇత్తడి పీఠానికి బిందెకు రుద్దినట్టే చింతపండు రుద్దుకోవచ్చు, కాకపోతే పీఠాన్ని విప్పి విడిగా తోమాలి. ఆ పులుపు కాంటాక్టులకూ స్ప్రింగుకూ తగలకూడదు. వాడనప్పుడు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టడం అన్నిటికంటే తేలిక.

పాత సామాన్ల కొట్లో ఎప్పుడో ఒకసారి రైల్వేదో మిలిటరీదో స్ట్రెయిట్ కీ దొరుకుతుంది. బేరం ఆడేముందు మీటను పక్కకు కదిపి చూడాలి. ఇరుసు దగ్గర లొడలొడ ఉంటే వదిలేయడమే. స్ప్రింగు పోయినా, గుబ్బ పగిలినా ఫర్వాలేదు, అవి వేసుకోవచ్చు.

కీ ఇంటికి వచ్చాక చాలామంది ఫ్యాక్టరీలో ఎలా బిగించారో అలాగే వాడుకుంటారు. స్ట్రెయిట్ కీకి మొదట్లో పోస్టుకార్డు మందమంత ఎడం పెట్టి, స్ప్రింగును గుబ్బ తనంతట తాను చురుగ్గా పైకి లేచేంత బిగిస్తే చాలు. పాడిల్‌కు మామూలు కాగితం మందం. అక్కడి నుంచి చేతిని బట్టి మార్చుకోవాలి. వేళ్లు బిగుసుకుంటున్నాయంటే స్ప్రింగు ఎక్కువైనట్టు. కాల్‌సైన్ పంపినప్పుడు డిట్లు మాయమవుతుంటే ఎడం తగ్గించాలి, అతుక్కుంటుంటే కాస్త పెంచాలి. పాడిల్ మీద డిట్లు ఎక్కువ పడుతుంటే మరలు తిప్పడం మానేసి కీయర్ వేగాన్ని నిమిషానికి రెండు మాటలు తగ్గించడం మంచిది.

వైరింగ్‌లో ఒక్కటే మెలిక. 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్నులో మామూలుగా కొన డిట్‌కు, మధ్య రింగు డాకు, వెనక భాగం ఎర్త్‌కు. స్ట్రెయిట్ కీకి మోనో పిన్ను పెట్టి అదే రంధ్రంలో గుచ్చితే రింగు ఎర్త్‌కు తగిలి, సెట్ పాడిల్ పద్ధతిలో ఉన్నంతసేపూ డాలు ఆగకుండా వస్తాయి. స్ట్రెయిట్ కీకి కూడా స్టీరియో పిన్నే వాడి, రింగును ఖాళీగా వదిలి, మెనూలో స్ట్రెయిట్ కీ అని మార్చుకోవాలి. పాత వాల్వు ట్రాన్స్‌మిటర్ ఎవరైనా ఇస్తే మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్నిటికి కీ కాంటాక్టుల దగ్గరే షాక్ కొట్టేంత వోల్టేజి ఉంటుంది.

డబ్బు పెట్టేముందు ఈ వ్యవహారం తనకు పడుతుందో లేదో చూసుకోవాలనుకునేవారికి హాక్సా బ్లేడు చాలు. చెక్క దిమ్మకు ఒక చివర బిగించి, రెండో చివర కింద మర పెట్టి, పెయింటు గీకేసి, 555 ఐసీతో చేసిన, ఈల మోత పుట్టించే చిన్న ఆసిలేటర్‌కు కలిపితే స్ట్రెయిట్ కీ. రెండు బ్లేడ్లు పక్కపక్కన నిలబెడితే పాడిల్. గాలిలోకి ఏదీ పంపడం లేదు కాబట్టి ఆసిలేటర్ మీద సాధనకు లైసెన్సు అక్కర్లేదు. ఉప్పుగాలికి బ్లేడు తుప్పు పట్టేలోగా కొనాలో వద్దో తేలిపోతుంది.

లైసెన్సు వచ్చి యాంటెన్నా ఎక్కించాక పక్కన కూర్చునే పెద్దాయన లేని లోటును కొంత తీర్చే చెవి ఒకటుంది. రివర్స్ బీకన్ నెట్‌వర్క్ అని, ప్రపంచంలో పలుచోట్ల రేడియో ఔత్సాహికులు పెట్టిన రిసీవర్లు మోర్స్ పిలుపులను తమంతట తాము చదివి, ఏ కాల్‌సైన్ ఎంత వేగంతో వినపడిందో ఇంటర్నెట్‌లో చూపిస్తాయి. 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రాత్రిపూట నాలుగైదుసార్లు సీక్యూ (ఎవరైనా బదులివ్వండి అనే పిలుపు) పిలిచి, ఫోన్‌లో ఆ పేజీ తెరవాలి. సొంత కాల్‌సైన్ కనిపిస్తే స్ప్రింగు, ఎడం, వేలు అన్నీ కుదిరినట్టే. ఏమీ కనిపించకపోతే యాంటెన్నా చూసుకోవాలి. విశాఖ నుంచి పిలిచిన పిలుపు యూఏ2 పేరుతో కనిపిస్తే, మళ్లీ ఆ పోస్టుకార్డు తీసుకుని కాంటాక్టుల దగ్గరికి వెళ్లాలి.